పాత జీపులో నిప్పురవ్వ

నరసరావుపేటలో ఒక మరమ్మతు షెడ్డునందు రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపును మేము చూచితిమి. 1941-1945 సంవత్సరముల నడుమ విల్లీస్, ఫోర్డు కర్మాగారములు ఇట్టి బండ్లను ఆరు లక్షలకు పైగా నిర్మించినవి. ఈ బండి ఏండ్ల తరబడి కదలలేదు. పాత పెట్రోలు ఇంజనును తీసివేసి డీజిలు ఇంజను బిగింపుడని పలువురు యజమానికి చెప్పుచుండిరి. అట్లు చేసినచో యుద్ధకాలపు ఇంజను తుక్కులోనికి పోవును. మిగులునది పై రేకు మాత్రమే.

మేస్త్రీ తొందరపడలేదు. సిలిండర్లలో నూనె పోసి, మరునాడు హ్యాండిలుతో మెల్లగా త్రిప్పెను. ఇంజను బిగిసిపోలేదని తేలినది. ఇక నిప్పు సంగతి. 6 వోల్టుల బ్యాటరీ విద్యుత్తును కాయిలు వేల వోల్టులకు పెంచును. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడిన క్షణముననే ప్లగ్గు కొన రవ్వ పుట్టును. ఆ పాయింట్లు మసిబారి యుండెను. మేస్త్రీ వానిని శుభ్రపరచి, గ్యాపును 0.020 అంగుళమునకు సరిచేసి, ప్లగ్గు తీగలను 1, 3, 4, 2 వరుసలో అమర్చెను. కార్బురేటరును కడిగెను.

మూడవ త్రిప్పున ఇంజను పలికినది. యజమాని మాటాడలేదు, బానెట్టుపై చేయి వేసి నిలుచుండెను.

శ్రోతలారా, మూలబడిన యంత్రము చచ్చినదని తీర్పు చెప్పుటకు ముందు, దానిలో నిప్పు పుట్టుచున్నదో లేదో చూచుట న్యాయము.