పచ్చ బటన్ దగ్గరే ఆగిపోవద్దు

(ఐటీఐ చదువుతున్న ఆదివాసీ విద్యార్థులతో మాట్లాడిన మాటలు)

 

మన గూడేల నుంచి ఐటీఐ చేసిన పిల్లలు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో కనబడుతున్నారు. ఇంటికి ఫోన్ చేసి "సీఎన్‌సీ మిషన్ మీద పని" అంటారు. అమ్మానాన్నలకు సంతోషమే. నేను మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతా. ఆ మిషన్ మీద నువ్వేం చేస్తున్నావు?

చక్‌లో జాబ్ బిగిస్తా, తలుపు మూస్తా, పచ్చ బటన్ నొక్కుతా, అయ్యాక తీసి ట్రేలో పెడతా. షిఫ్టంతా ఇదే. కష్టమే, కాదనను. కానీ ఈ పని కొత్తవాడికి కొద్ది రోజుల్లో వస్తుంది. అందుకే నిన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకోవడం యజమానికి తేలిక.

పక్కనే సెట్టర్ ఉంటాడు, చూడండి. 25 మిల్లీమీటర్లు రావాల్సిన షాఫ్టు 25.02 వచ్చిందనుకో. టూల్ అరిగింది. అతను మైక్రోమీటర్‌తో కొలిచి, ఆఫ్‌సెట్ పేజీ తెరిచి, ఎక్స్‌లో మైనస్ 0.02 కొడతాడు. తర్వాతి జాబ్ సరిగ్గా వస్తుంది. 20 మైక్రాన్లు అంటే తల వెంట్రుక మందం కూడా కాదు. జీతంలో తేడా అంతా అక్కడే ఉంది.

ఆ పేజీ మనవాళ్ళు ఎందుకు తెరవరు? డ్రాయింగ్ చదవడం రాదు, లెక్కలంటే భయం. టేపర్ తిప్పాలంటే కోణానికి టాన్ విలువ తెలియాలి. ఆశ్రమ పాఠశాలలో లెక్కల సారు లేని పిల్లవాడు ఆ మాట వినగానే వెనక్కి తగ్గుతాడు. అది వాడి తెలివితక్కువతనం కాదు, మనకు ఇవ్వని చదువు. అయినా టర్నర్, మెషినిస్ట్ కోర్సులు రెండేళ్ళవి, నేర్చుకోవడానికి టైముంది. జీ01 అంటే కోస్తూ నేరుగా పోవడం, ఎమ్03 అంటే స్పిండిల్ తిప్పడం. తెలుగు మీడియం వాళ్ళకూ ఇవి రెండు వారాల్లో నోటికొస్తాయి. చెల్లెళ్ళూ, మీకూ ఇదే చెబుతున్నా.

ఇక కాగితం సంగతి. "ట్రైనింగ్‌లో ఉన్నావు" అని చెప్పి, ఏ కాగితం లేకుండా ఏడాది పని చేయించుకునే షెడ్లున్నాయి. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్‌కు రాతపూర్వక ఒప్పందం ఉండాలి, స్టైపెండ్ ఇవ్వాలి. ట్రేడ్ అప్రెంటిస్ సీట్లలో ఎస్టీలకు రిజర్వేషన్ ఆ చట్టంలోనే, 3ఎ సెక్షన్‌లో ఉంది. చట్టం మనల్ని ట్రైనీ అంటుంది, వర్కర్ అనదు. ఇది మంచి మాటేం కాదు. అయినా భద్రత, పని మీద గాయపడితే నష్టపరిహారం మాత్రం అప్రెంటిస్‌కూ వర్తిస్తాయి. అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఒప్పందం కాపీ మీ దగ్గర ఉంచుకోండి, ఒక ఫొటో ఇంటికి పంపండి.

భద్రత గురించి ఒక్క మాట. తిరిగే చక్ దగ్గర చేతికి గ్లౌజు వద్దు. జాతరలో కట్టుకున్న దారాలు, చేతి కడియాలు షిఫ్టుకు ముందు తీసి జేబులో పెట్టుకోండి. దేవత ఏమీ అనుకోదు. గ్లౌజు చిక్కితే చెయ్యి కూడా లోపలికి పోతుంది.

తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. మీ ఐటీఐ వాటిలో ఉంటే, మిషన్ మీద ఒక్కొక్కరికి ఎన్ని గంటలు ఇస్తున్నారో రాసిపెట్టండి. ఇరవైమంది చుట్టూ నిలబడి చూస్తే అది ట్రైనింగ్ కాదు. ఆ లెక్క పట్టుకుని వచ్చే సోమవారం గిరిజన దర్బార్‌లో ఐటీడీఏ పీఓను కలుద్దాం. ఎవరెవరు వస్తారో ఇప్పుడే పేర్లు చెప్పండి.