మాట సాయం, చేత సాయం: రిపబ్లికన్ ప్రైమరీల్లో సంప్రదాయవాదుల మద్దతు



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు ఏ ఎన్నిక గురించి చెప్పినా ముందు ఒకటే అడిగేవారు: ఎవరు ఎవరి వెంట నిలిచారు, ఎప్పుడు నిలిచారు? ఆ ప్రశ్న పట్టుకునే ఇవాళ అమెరికా రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లోకి వెళ్తాను.

1976 మార్చి నాటికి రొనాల్డ్ రీగన్ పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. పదవిలో ఉన్న సొంత పార్టీ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ మీద పోటీకి దిగిన ఆయన న్యూ హాంప్‌షైర్‌లో కొద్ది తేడాతో ఓడారు. ఫ్లోరిడాలో, ఇల్లినాయ్‌లో కూడా ఓటమే. ప్రచారం అప్పుల్లో పడింది. తప్పుకోమని పార్టీ పెద్దలు బహిరంగంగానే చెప్పసాగారు. తర్వాతి పోటీ మార్చి 23న, నార్త్ కరోలినాలో.

అక్కడి సెనేటర్ జెస్సీ హెల్మ్స్. నల్లజాతివారి హక్కుల విషయంలో ఆయన రాజకీయం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. అయినా ఒకరిని బలపరచడమంటే ఎంత పని ఉంటుందో ఆయన దగ్గరే చూడాలి. 1972లో తనను గెలిపించిన టామ్ ఎల్లిస్‌ను, ఆ యంత్రాంగాన్ని రీగన్ కోసం దింపారు. రీగన్ కెమెరా ముందు కూర్చుని అరగంట మాట్లాడిన ప్రసంగాన్ని, ఆయన సలహాదారులు వెనకాడుతున్నా, ఎల్లిస్ పట్టుబట్టి రాష్ట్రంలోని టీవీల్లో వేయించారు. పనామా కాలువను అమెరికా వదులుకోకూడదన్న మాట ఊరూరా మోగింది. రీగన్ 52 శాతం ఓట్లతో గెలిచారు. మే 1న టెక్సస్‌లో, పార్టీ కన్వెన్షన్‌లో అభ్యర్థిని ఎన్నుకునే డెలిగేట్లందరినీ ఊడ్చుకుపోయారు.

అదే ఏడాది బారీ గోల్డ్‌వాటర్ ఫోర్డ్‌ను బలపరిచారు. 1964లో అధ్యక్ష అభ్యర్థిగా ఉన్న గోల్డ్‌వాటర్ కోసం చేసిన టీవీ ప్రసంగంతోనే రీగన్ రాజకీయాల్లో వెలుగులోకి వచ్చారన్నది గుర్తుంచుకోండి. సంప్రదాయవాదులకు గోల్డ్‌వాటర్ కులపెద్ద లాంటివారు. ఆ పెద్దాయన మాట కన్నా ఎల్లిస్ కార్యకర్తల తిరుగుడే రీగన్‌ను పోటీలో నిలబెట్టిందని నా నమ్మకం.

అయితే ఇంత చేసినవారు ఊరికే ఉండరు, ఉండనక్కర్లేదు కూడా. కన్వెన్షన్‌కు కొద్ది వారాల ముందు, జూలై 26న, పెన్సిల్వేనియా డెలిగేట్లను ఆకర్షించవచ్చన్న లెక్కతో రీగన్ ఉదారవాద సెనేటర్ రిచర్డ్ ష్వైకర్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించారు. పెన్సిల్వేనియా పెద్దగా కదలలేదు. దక్షిణాదిలో మనసులు విరిగాయి. మిసిసిపీ పార్టీ నాయకుడు క్లార్క్ రీడ్ ఫోర్డ్ వైపు వెళ్లిపోయారు. కాన్సస్ సిటీ కన్వెన్షన్‌లో లెక్క తేలేసరికి ఫోర్డ్‌కు 1187, రీగన్‌కు 1070. కష్టకాలంలో అండగా నిలిచిన వర్గాన్ని సంప్రదించకుండా వేసిన ఎత్తు అది. నా దృష్టిలో ఆ ప్రచారంలో జరిగిన అతి పెద్ద తప్పు అదే.

2008 పోటీ నాటికి సంప్రదాయవాద నాయకులు తలో దారి పట్టారు. గర్భస్రావాన్ని గట్టిగా వ్యతిరేకించే టీవీ మతబోధకుడు పాట్ రాబర్ట్‌సన్, ఆ హక్కును సమర్థించే రూడీ జూలియానీని బలపరిచారు. సంప్రదాయవాద ఉద్యమ నాయకుడు పాల్ వేరిక్ మిట్ రామ్నీ వైపు, గర్భస్రావ వ్యతిరేక సంస్థ నేషనల్ రైట్ టు లైఫ్ ఫ్రెడ్ థాంప్సన్ వైపు నిలిచారు. అయోవాలో గెలిచింది మైక్ హకబీ. ఆయనను మోసింది చర్చిల్లోని మామూలు భక్తులు, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే కుటుంబాలు. సౌత్ కరోలినాలో హకబీ, థాంప్సన్‌ల మధ్య ఓట్లు చీలి, 33 శాతంతోనే జాన్ మెకెయిన్ బయటపడ్డారు. ఆ చేదు మరువక 2012 జనవరిలో సుమారు 150 మంది మత, సామాజిక నాయకులు టెక్సస్‌లో కూడి, మూడు విడతలు ఓట్లు వేసుకుని రిక్ శాంటోరమ్‌ను ఎంచుకున్నారు. అప్పటికే ఆలస్యమైంది. వారానికి సౌత్ కరోలినాలో న్యూట్ గింగ్రిచ్ గెలిచారు.

2016లో సంప్రదాయవాద సెనేటర్ టెడ్ క్రూజ్ చివరి ఆశ ఇండియానా. రీగన్ లాగే ఆయనా కన్వెన్షన్‌కు ముందే ఉపాధ్యక్ష అభ్యర్థిగా కార్లీ ఫియోరినాను ప్రకటించారు. రెండు రోజులకు, ఏప్రిల్ 29న, రాష్ట్ర గవర్నర్ మైక్ పెన్స్ క్రూజ్‌కు ఓటు వేస్తానని రేడియోలో చెబుతూ, అదే నోటితో ఆయన ప్రత్యర్థి డోనల్డ్ ట్రంప్‌ను మెచ్చుకున్నారు. అలాంటి మద్దతు కన్నా మౌనం నయమని నేను అంటాను. గవర్నరే అటూ ఇటూ చూస్తుంటే కార్యకర్త ఏ ధైర్యంతో ఇంటింటి తలుపు తడతాడు? మే 3న ట్రంప్‌కు 53 శాతం వచ్చింది. ఆ రాత్రే క్రూజ్ తప్పుకున్నారు. జూలైలో ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా పెన్స్‌నే ఎంచుకున్నారు.