అద్దె వాటాలో కరెంటు వైరింగు



సర్వీసులో ఉండగా లోను పెట్టి కట్టుకున్న ఇంట్లో ఒక వాటా అద్దెకిచ్చి, ఆ డబ్బు మందులకు సర్దుకుంటున్నవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ వాటాలో వైరింగు నాడు రెండు ఫ్యాన్లకు, నాలుగు బల్బులకు, ఒక రేడియోకు వేయించినది. ఇప్పుడు అద్దెకు వచ్చేవారు గీజరు, ఏసీ వెంట తెచ్చుకుంటున్నారు.

లెక్క చూడండి. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని లైట్ల లైనుకు తగిలిస్తే మాటిమాటికీ ఫ్యూజు పోతుంది. అప్పుడు ఎవరో లావుపాటి తీగ చుడతారు, లేదా ఎం.సి.బి. తీసి పెద్దది పెడతారు. ఆడిట్ అభ్యంతరం రాశాడని ఆడిటర్నే బదిలీ చేయించినట్టన్నమాట! ఇక ఫ్యూజు పోదు, గోడలో తీగ కాగుతుంది. గీజరుకు, ఏసీకి మీటరు బోర్డు నుంచి విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్తుతో సహా లాగించండి.

ఖర్చు అద్దెకున్నవారిదేనని కొందరంటారు. నేనొప్పుకోను. వాళ్ళు ఖాళీ చేసినా తీగ మన గోడలోనే ఉంటుంది.

ఎం.సి.బి. ఉంటే షాకు భయం లేదనుకోవద్దు. మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటు దానికి ఆనదు. అందుకు ఆర్.సి.సి.బి. కావాలి. అది వెళ్ళిన కరెంటును, తిరిగొచ్చినదాన్ని సరిచూసి, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే లైను తెంపేలా చేసినది. దానిమీద టెస్టు బటను ఉంటుంది. నెలకోసారి, అద్దె ఇచ్చే రోజున, నొక్కి చూడమని వాళ్ళకు చెప్పండి.