ఈ బౌలింగ్ క్రికెట్‌ది కాదు

మన చోడవరంలో బౌలింగ్ అంటే ఎవరికైనా క్రికెట్టే గుర్తొస్తుంది. ఈ బౌలింగ్ వేరు. పెద్ద నగరాల మాల్స్‌లో, నున్నటి చెక్క బాట మీద బరువైన బంతిని దొర్లించే ఆట. మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టం అనుకోండి.

ఆ బాట పేరు లేన్. దాని చివర సీసాల్లాంటి పది పిన్నులు ముక్కోణంగా నిలబడి ఉంటాయి. మీ వంతు పేరు ఫ్రేమ్. ఆటకు పది ఫ్రేములు, మామూలుగా ఫ్రేముకు రెండు బంతులు.

మొదటి బంతికే పదీ పడిపోతే స్ట్రైక్. మిగిలినవి రెండో బంతికి పడితే స్పేర్. మళ్లీ చెబుతున్నా: ఒక్క బంతికైతే స్ట్రైక్, రెండు బంతులకైతే స్పేర్. అసలు గమ్మత్తు లెక్కలో ఉంది. స్ట్రైక్ కొడితే, తర్వాతి రెండు బంతులకు పడ్డ పిన్నులు కూడా ఆ ఫ్రేము ఖాతాలోకే వస్తాయి. స్పేరుకైతే తర్వాతి ఒక్క బంతే. వరుసగా మూడు స్ట్రైకులు పడితే టర్కీ. దేశం కాదండోయ్, కోడి! ఒకప్పుడు అమెరికాలో ఆ కోడినే బహుమతిగా ఇచ్చేవారట. అన్నీ స్ట్రైకులే అయితే 300. అంతకు మించి లేదు.

బంతి పక్క కాలువలోకి జారిందా, గట్టర్ బాల్. సున్నా. కాలు లేన్ మొదట్లో ఉండే గీత దాటిందా, ఫౌల్. పిన్నులు పడినా లెక్కలోకి రావు.

ఎప్పుడైనా ఆడాలనిపిస్తే మేజోళ్లు మరిచిపోకండి. బూట్లు మాత్రం వాళ్లే అద్దెకిస్తారు. ముందు తేలికైన బంతి తీసుకోండి.