మంచు పడని ఊళ్ళో కూలెంట్ ఎందుకు?

(ఖాజీపేటలో మన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చుంటే మాట్లాడుకునేది కేసీ కాలువ నీళ్ళ గురించి, పసుపు ధర గురించి, బ్యాంకు అప్పు గురించి. ఈ పొద్దు ఇంజన్‌లో పోసే నీళ్ళ గురించి మాట్లాడుకుందాం. ఇది చిన్న విషయమని అనుకోవద్దు. అప్పు చేసి కొన్న ట్రాక్టర్ పని కాలంలో నిలబడిపోతే బాడుగ ఆగిపోతుంది గానీ కంతు ఆగదు.

మా కమిటీలోనే ఒక రైతుకు జరిగిన సంగతి చెబుతాం. వరి మడి దమ్ము చేస్తుండగా వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ఆయన బండి ఆపి, పక్కన బోరు దగ్గర బకెట్ నింపుకొచ్చి, కాలుతున్న ఇంజన్‌లో పోసేశాడు. హెడ్ పగిలింది. షెడ్డులో రేడియేటర్ విప్పితే గొట్టాల లోపల తెల్లటి సున్నం గట్టిపడి ఉంది. పగలడానికి కారణం ఆ ఒక్క బకెట్ నీళ్ళే కావచ్చు. కానీ బండిని అంత వేడెక్కించింది మాత్రం ఏళ్ళ తరబడి పోసిన బోరు నీళ్ళు. అది మనలో ఎవరికైనా జరిగేదే, ఎందుకంటే మనలో చాలామందిమి పోసేది ఆ నీళ్ళే.

"కూలెంట్ చలిదేశాల వాళ్ళకు గదా, మన ఎండలకు ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. నీళ్ళు గడ్డకట్టకుండా కాపాడడం దాని పనుల్లో ఒకటి. ఆ పని మనకు అక్కర లేదు. మిగిలిన పనులే మనకు కావాలి.

మొదటిది, మరుగు. డీజిల్ కాలి పుట్టే వేడిలో సుమారు మూడో వంతే చక్రానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు పొగతో పోతుంది. మిగిలినదాన్ని చాలావరకు రేడియేటర్ నీళ్ళే మోసుకుపోవాలి. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. సగం కూలెంట్, సగం నీళ్ళు కలిపితే సుమారు 107 డిగ్రీల దాకా మరగవు. రేడియేటర్ మూత బిగువుగా ఉండి లోపల ఒత్తిడి నిలిస్తే ఇంకా పైకి పోతుంది. ఎండలు 40 దాటే మన కడప జిల్లాలో ఆ తేడా మనకు ఎంతో అవసరం.

రెండోది, తుప్పు, సున్నం. నీళ్ళు కాచే అండా అడుగున తెల్లటి పొర కట్టడం ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఇంజన్ లోపలా అదే జరుగుతుంది. సున్నపు పొర వేడిని బయటికి పోనివ్వదు. పైకి నీళ్ళు నిండుగానే కనిపిస్తాయి, లోపల మాత్రం లైనర్ కాలుతుంటుంది. కూలెంట్‌లో తుప్పును ఆపే మందులు కలిపి ఉంటాయి. డీజిల్ ఇంజన్ అదురుకు లైనర్ బయటి వైపు చిన్న బుడగలు పుట్టి, పగిలి, ఇనుమును సూది గుచ్చినట్టు తొలుస్తాయి. ఆ మందులు దాన్ని కూడా తగ్గిస్తాయి. అవి కాలంతో బలం తగ్గిపోతాయి. అందుకే కూలెంట్ తగ్గకపోయినా, రంగు బాగానే ఉన్నా, గడువుకు మార్చాల్సిందే.

ఆ గడువు ఎంత? అది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. గంటల్లోనో, సంవత్సరాల్లోనో రాసి ఉంటారు, ఏది ముందు వస్తే అది. కొన్ని రకాలు రెండేళ్ళకు మార్చాలి, కొన్ని ఐదేళ్ళ దాకా వస్తాయి. పచ్చ, ఎరుపు, నీలం రంగులను చూసి రకం తేల్చుకోవద్దు. రంగు కంపెనీ ఇష్టం. రెండు రకాలు కలిపితే మందుల బలం పోతుంది, కొన్నిసార్లు జిగురు కడుతుంది. గాలితో చల్లబడే పాత ఐషర్ బండ్లకు రేడియేటరే ఉండదు కాబట్టి ఈ పనే లేదు.

ఇక మార్చే పద్ధతి. ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. కావలసినవి ఒక పాత టబ్బు, స్పానర్లు, గరాటు, పుస్తకంలో చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీలో పోసేందుకు అమ్మేది అదే. కొన్ని కూలెంట్ డబ్బాలు ముందే నీళ్ళు కలిపి వస్తాయి, వాటిలో మళ్ళీ నీళ్ళు కలపొద్దు. చిక్కటిదైతే పుస్తకంలో చెప్పిన పాళ్ళలో కలపాలి. చిక్కగా పోస్తే ఇంకా మంచిదని నీళ్ళు లేకుండా పోయొద్దు. వట్టి కూలెంట్ నీళ్ళంత బాగా వేడిని మోయలేదు.

రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే ఈ పని పెట్టుకోవాలి. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్ళు ఒత్తిడితో ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. అలా కాలినవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. గుడ్డ వేసుకుని తిప్పినా సరే, వేడి మీద వద్దు. బండి సమంగా ఉన్న చోట నిలిపి, బ్రేక్ వేసి, తాళం తీసేయాలి. కార్లలో కరెంటు ఫ్యాన్ దానంతటదే తిరగవచ్చు, వేళ్ళు జాగ్రత్త.

మూత తీసి, రేడియేటర్ అడుగున ఉన్న ట్యాప్ విప్పాలి. ఇంజన్ పక్కన ఉండే డ్రెయిన్ బోల్టు కూడా విప్పితేనే మొత్తం దిగుతుంది. దిగిన నీళ్ళను కొలవండి, చూడండి. ఎర్రగా ఉంటే తుప్పు. పైన నూనె తెట్టు తేలినా, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీ మాదిరి ఉన్నా హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. అప్పుడు కొత్త కూలెంట్ పోసి లాభం లేదు, మెకానిక్‌కు చూపించాలి.

తర్వాత ట్యాప్ మూసి, శుభ్రమైన నీళ్ళు నింపి, పై పైపు వేడెక్కేదాకా ఇంజన్ తిప్పాలి. చల్లారనిచ్చి దించాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే మంచిది. సున్నం పోతుందని యాసిడ్ పోయొద్దు, రేడియేటర్ తూట్లు పడుతుంది. ఆ సందున పైపులు నొక్కి చూడండి. మెత్తబడినవి, బీటలు వారినవి మార్చండి. ఫ్యాన్ బెల్టు చూడండి. రేడియేటర్ రేకుల మధ్య ఇరుక్కున్న వరిపొట్టు, దుమ్మును ఇంజన్ వైపు నుంచి బయటికి పోయేలా మెల్లగా గాలి కొట్టి తీయండి. నూర్పిడి రోజుల్లో బండి వేడెక్కడానికి చాలాసార్లు ఆ పొట్టే కారణం.

ఇప్పుడు కొత్తది మెల్లగా పోయాలి. మూత తీసి ఉంచే ఇంజన్ నెమ్మదిగా తిప్పితే బుడగలు వచ్చి మట్టం తగ్గుతుంది. మళ్ళీ పోయాలి. బుడగలు ఆగాక మూత బిగించాలి. పక్క డబ్బాలో రెండు గీతల మధ్య ఉంచాలి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూడాలి. మీటర్‌లో గంటలు, తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి.

లారీలకు, కార్లకు పద్ధతి ఇదే. కానీ కొత్త బండ్లలో గాలి తీయడానికి వేరే స్క్రూ ఉంటుంది, అల్యూమినియం భాగాలకు తగిన కూలెంట్ రకం కూడా పుస్తకంలో చెబుతారు. పుస్తకం చూడకుండా వాటిని విప్పొద్దు.

ఇంకో అలవాటు మానుకుందాం. బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసిపారేస్తాం. అప్పుడు ఇంజన్ తగిన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల తొందరగా అరుగుతుంది. చెడిపోతే కొత్తది వేయాలి గానీ తీసేయకూడదు. పొలంలో బండి వేడెక్కితే పని ఆపి, చల్లారేదాకా ఆగండి. తర్వాత తాగే నీళ్ళు పోసుకుని ఇల్లు చేరండి. ఆ నీళ్ళను మాత్రం అందులోనే ఉంచేయొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కూలెంట్ విషం. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, దూడలు, మేకలు, చిన్న పిల్లలు నాకుతారు. కొద్దిగా లోపలికి పోయినా మూత్రపిండాలు పాడై ప్రాణం పోవచ్చు. మొదట తాగినవాళ్ళ మాదిరి తూలుతారు, తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపించవచ్చు. ఆలస్యం చేయకుండా డబ్బాతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి. పశువుల తొట్టిలో దించొద్దు. కూల్‌డ్రింక్ సీసాల్లో దాచొద్దు. దించినదాన్ని కాలువలో పోయొద్దు, ఆ కాలువ నీళ్ళ మీద మన కింది ఊళ్ళున్నాయి. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, విషమని రాసి, సర్వీస్ సెంటర్ వాళ్ళకు అప్పగించండి. తీసుకోమంటే సంఘానికి చెప్పండి, అందరం కలిసి అడుగుదాం.

బిల్లు కూడా చదువుదాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ రేడియేటర్, కూలింగ్ భాగాల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. విడిభాగం కొన్నప్పుడు పన్ను గడి చూడండి, పాత లెక్క కనిపిస్తే అక్కడే అడగండి.

ఈ పనులు నేర్పే చోటు మనకు దగ్గరలోనే ఉంది. పక్కనున్న అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ 1983 నుంచి నడుస్తోంది. దక్షిణాది రైతులందరి కోసం పెట్టింది. మన పిల్లలను అక్కడికి పంపుదాం. అలాంటి శిక్షణ మండలాల్లో, రైతు సేవా కేంద్రాల దగ్గర కూడా ఇవ్వాలని అధికారులను అడుగుదాం. ట్రాక్టర్ కొనడానికి అప్పు ఇచ్చే ప్రభుత్వం, దాన్ని కాపాడుకోవడం నేర్పడం కూడా తన బాధ్యతే అనుకోవాలి.

దమ్ము మొదలయ్యే లోపల ప్రతి సభ్యుడూ ఒక పొద్దున తన బండి మూత తీసి, లోపల ఉన్నది ఏమిటో చూసుకోవాలని కోరుతున్నాం. ఎర్ర నీళ్ళు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. చేతకానివాళ్ళు ఉంటే చేతనైనవాళ్ళు వాళ్ళ ఇంటికి పోయి దగ్గరుండి చేయించాలి. డబ్బాడు కూలెంట్ ఖర్చు కొన్ని గంటల బాడుగతో తీరుతుంది. పగిలిన హెడ్ ఖర్చు తీర్చడానికి ఒక కారు పంట కూడా చాలదు.