పసిబిడ్డల వంకర పాదము – పంచాయతీల కర్తవ్యము

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లను గురించియు, మంచినీటిని గురించియు మీరు ఉదయమునుండి చర్చించుచున్నారు. మేము దంపతులమిరువురము తెచ్చిన విషయము అరచేతిలో ఇమిడెడి పసిపాదమును గురించినది. మేము వైద్యులము కాము. ఆరేండ్ల క్రిందట వంకర పాదములతో పుట్టిన బిడ్డకు తల్లిదండ్రులము. మేము చేసిన పనిని, అందులో చేసిన తప్పును మీకు విన్నవించుటకే వచ్చితిమి.

పాదము లోపలికి తిరిగి, మడమ పైకి లేచి, అరికాలు ప్రక్కకు చూచుచుండుట ఈ వైకల్యమునకు గుర్తు. వైద్యులు దీనిని క్లబ్‌ఫుట్ అందురు. సుమారు వేయిమంది శిశువులలో ఒకరికి ఇది కలుగుచున్నది. ఆడపిల్లలలోకన్న మగపిల్లలలో ఇంచుమించు రెండింతలు ఎక్కువ. రమారమి సగముమందికి రెండు పాదములును వంగియుండును. మా బాబు పుట్టిననాడు ఇరుగుపొరుగువారు గ్రహణము పట్టినదనిరి. కడుపుతో నున్నప్పుడు కత్తిపీట ముట్టితివా యని తల్లినే నిలదీసిరి. గ్రహణమునకును దీనికిని ఎట్టి సంబంధమును లేదు. ఇది తల్లి దోషమును కాదు. ఊరిలో ఈ మాట ముందుగా చెప్పవలసినవారు మీరే. తల్లి సిగ్గుపడి బిడ్డ కాళ్ళను గుడ్డలో దాచినచో చికిత్స వెనుకబడును.

స్పెయిన్ దేశమున జన్మించి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున పనిచేసిన డాక్టరు ఇగ్నేషియో పోన్సెటి (1914–2009) రూపొందించిన పద్ధతియే నేడు మన ప్రభుత్వ ఆసుపత్రులలోను అనుసరింపబడుచున్నది. వైద్యుడు వారమునకొకసారి పాదమును చేతితో మెల్లగా సరిచేసి, వ్రేళ్ళ మొదలునుండి తొడవరకు పిండికట్టు వేయును. ఐదారు కట్లతో వంకర చాలవరకు తీరును. పెక్కుమంది బిడ్డలకు మడమ వెనుకనుండు బిగుసుకొనిన నరమును చిన్న గాటుతో సడలింతురు. దానిపై మూడు వారములు చివరి కట్టు ఉండును.

మా బాబుకు మూడవ వారమున చికిత్స మొదలైనది. రెండు బస్సులు మారి జిల్లా కేంద్రమునకు పోవలెను. పోయిన ప్రతి దినమును ఇద్దరి కూలియు పోయెడిది. కట్టు తడవకుండ కాపాడితిమి. రాత్రి దీపము పట్టి కాలివ్రేళ్ళను చూచెడివారము. వ్రేళ్ళు నీలమెక్కినను, చల్లబడినను, కట్టు జారి వ్రేళ్ళు లోపలికి పోయినను వెంటనే ఆసుపత్రికి పోవలెనని వైద్యులు హెచ్చరించిరి. మూడు నెలలు నిండకమునుపే పాదములు చక్కబడినవి. అంతటితో గండము గడచినదనుకొంటిమి. నిజమునకు అసలు పరీక్ష అప్పుడే ఆరంభమైనది.

పిండికట్టు పాదమును సరిచేయును. దానిని నిలుపునది కడ్డీతో బిగించిన బూట్లు. ఇవి మొదటి మూడు నెలలు దినమునకు 23 గంటలు ఉండవలెను. ఆ పిమ్మట నాలుగేండ్ల వయస్సు వచ్చువరకు రాత్రులందును, పగటి నిద్రలోను తొడుగవలెను. పగలు మెలకువగా నున్నప్పుడు బిడ్డ స్వేచ్ఛగా నడువవచ్చును.

మా తప్పు ఇచటనే జరిగినది. బాబుకు పదునాలుగవ నెల. వరినాట్ల కాలము. పగలంతయు మడిలో వంగి, రాత్రి వాని ఏడ్పు వినలేకపోయితిమి. “కాళ్ళు చక్కబడినవి గదా, పసివానికి ఈ సంకెళ్ళు ఎందుకురా?” అని వాని నాయనమ్మ కన్నీరు పెట్టుకొనెను. బూట్లను అటకమీద పెట్టితిమి. రెండు నెలల తరువాత చూడగా ఎడమ మడమ మరల పైకి లేచియున్నది; పాదము లోపలికి తిరుగుచున్నది. వైద్యుడు మమ్ము తిట్టలేదు. “మరల కట్లు వేయుదము” అని మాత్రము అనెను. తప్పు మాది, శిక్ష బిడ్డది. మూడు కట్లు పడినవి. ఆనాటినుండి నాలుగేండ్లు నిండువరకు ఒక్క రాత్రియు బూట్లు మానలేదు.

అనుభవమున నేర్చినవి కొన్ని చెప్పుదుము. తొడిగిన క్రొత్తలో బిడ్డ రెండు మూడు దినములు ఏడ్చును. ఏడ్చినంతనే విప్పినచో, ఏడ్చిన విప్పుదురని బిడ్డ నేర్చుకొనును. రెండు మోకాళ్ళను కలిపి వంచుచు, చాచుచు ఆడింపవలెను. నూలు మేజోళ్ళు తొడిగి, మడమ బూటులో అడుగునకు దిగినదో లేదో చూచి పటకాను బిగింపవలెను. కడ్డీకి గుడ్డ చుట్టవలెను. చర్మముపై పుండు కన్పించినచో స్వంతముగా మానివేయక, వైద్యునికి చూపవలెను. నాయనమ్మకును, అమ్మమ్మకును కారణము వివరింపవలెను. మేమట్లు చేసిన పిదప ఆ పెద్దామెయే ప్రతి రాత్రియు బూట్లు తెచ్చి ఇచ్చెడిది.

ఇక మీ కర్తవ్యము. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వంకర పాదము చేరియున్నది. దీని చికిత్స ఉచితము. ఆశా కార్యకర్త బాలింత యింటికి వచ్చినప్పుడు శిశువు పాదములను తప్పక చూచునట్లు అడుగుడు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘ సమావేశమున అట్టి బిడ్డ విషయము చర్చింపుడు. చికిత్స ఉచితమైనను బస్సు చార్జీ, పోయిన కూలి ఉచితములు కావు. వారము తప్పుచున్న కుటుంబమునకు మహిళా సంఘముల ద్వారా గాని, పదిమంది చేతిసాయముతో గాని దారి చూపుడు. కట్లు విప్పినంతనే ఆ యింటిని మరువకుడు. నాట్లు, కోతల కాలములందు ఒకమారు గడపనెక్కి “బూట్లు తొడుగుచున్నారా?” యని అడుగుడు. ఆ యేడు మమ్ము అట్లడిగినవారు ఒక్కరున్నను మా బాబుకు రెండవమారు కట్లు పడెడివి కావు.

నేడు వాడు బడికి పరుగెత్తుకొని పోవుచున్నాడు. మీ మీ గ్రామములలో అట్టి బిడ్డ ఉన్నచో, ఈ వారముననే ఆ యింటికి పోవుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.