ఇంటికి వచ్చు మనిషి
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



కురబలకోటవారికి ఆరోగ్యవరమును గూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1912లో మదనపల్లెలో మొదలై, 1915 నాటికి ఆరోగ్యవరమున స్థిరపడిన ఆ క్షయ చికిత్సాలయమునకు డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్ మొల్లరు తొలి అధిపతి. ఆనాడు క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవియే చికిత్స. ఇల్లు విడిచి అక్కడ మంచము సంపాదించినవాడే అదృష్టవంతుడు.

మందులు వచ్చిన పిమ్మట, 1956లో మద్రాసున నెలకొల్పబడిన పరిశోధన కేంద్రమువారు ఈ నమ్మకమును పరీక్షించిరి. 193 మంది రోగులలో ఒక సగమును శానిటోరియమునకు పంపి, రెండవ సగమును వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఉభయులకును ఒకే మందులను ఏడాది పాటు ఇచ్చిరి. 1959లో వెలువడిన ఫలితముల ప్రకారము శానిటోరియమున నూటికి 92 మందికి, ఇంటియొద్ద 86 మందికి వ్యాధి నెమ్మదించినది. ఇంటనున్నవారికి తిండి తక్కువ, పని ఎక్కువ. అయినను భేదము స్వల్పమే. ఇల్లు చాలునని లోకము గ్రహించినది. కాని ఆ ఇండ్లకు మందుతోబాటు మనిషియు పోయి, రోగి దానిని మ్రింగుచున్నాడో లేదో చూచుచుండెనను సంగతిని పలువురు మరచిరి.

అది నయమగు వ్యాధి కథ. పుట్టునపుడు ప్రాణవాయువు అందకయో, నెలలు నిండకయో, పచ్చకామెర్లు ముదిరియో మెదడు దెబ్బతిన్న బిడ్డకు ఇల్లే జీవితాంతము వైద్యశాల. ఈ స్థితిని వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అందురు.

ఒడిలో వెల్లకిల పరుండబెట్టి ఉగ్గుగిన్నెతో పోయుట మన అలవాటు. ఇట్టి బిడ్డకు అది ప్రమాదము. మెడ వెనుకకు వాలినపుడు రాగి అంబలి శ్వాసనాళమున దిగును; ఒక్కొక్కప్పుడు దగ్గు కూడ రాదు. మాటిమాటికి వచ్చు జ్వరము, ఆయాసము దాని ఫలమే కావచ్చును. బిడ్డను నిలువుగా కూర్చుండబెట్టి, తల కొంచెము ముందునకు వంచి, చిక్కని జావను చెంచాతో ఇయ్యవలెను. మ్రింగిన తరువాతనే రెండవ చెంచా. రెండు గోడలు కలియు మూలలో దిండ్లు పెట్టినచో చక్కని ఆసనమగును. దానికి ఖర్చు లేదు.

మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళపుచెవి పెట్టుట, నోట నీరు పోయుట మానవలెను. ప్రక్కకు ఒత్తిగిలజేసి గడియారము చూడవలెను; ఐదు నిమిషములు దాటినచో ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

కదలలేని బిడ్డను రెండేసి గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. లేనిచో పిరుదులు, మడమలు ఒరసి పుండ్లు పడును. చెప్పుట సులభమే. రెండు గంటలకొకసారి యన్నచో ఆ తల్లి టమాటా కోతకు పోజాలదు; రాత్రి కంటినిండ నిద్రపోజాలదు. పూర్వజన్మ పాపమను మాటను సైతము ఆమెయే మోయుచున్నది. ఆమె ఇంటికి వచ్చు మనిషి ఎవరు?

ప్రభుత్వము కొంత చేసినది. 2016 నాటి చట్టము 6 మొదలు 18 ఏండ్ల వరకు ఇట్టి పిల్లలకు ఉచిత విద్యను హక్కుగా చేసినది. బడికి రాలేనివారి ఇంటికి భవిత కేంద్రముల నుండి ఉపాధ్యాయులు పోవు ఏర్పాటు కలదు. ఆంధ్రప్రదేశమున దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలైనది. పూర్తిగా మంచము పట్టినవారికి 15,000. వీటికి సదరం ధ్రువపత్రము కావలెను. బిడ్డను భుజమున వేసికొని కార్యాలయముల చుట్టు తిరుగుట తల్లికి సాధ్యమా? కాగితములు చదువగలవారు, దరఖాస్తులు వ్రాయగలవారు గ్రంథాలయమునకు ప్రతి సాయంకాలము వచ్చుచునే యున్నారు.

వారిలో ఒకరు ఒక గంటసేపు ఆ ఇంట కూర్చుండినను తల్లి స్నానము చేసి, నాలుగు మెతుకులు తినగలదు. ఆ గంట ఊరక కూర్చుండనక్కరలేదు. ఒక కథల పుస్తకమును వెంట తీసికొనిపోవచ్చును. మాట రానంత మాత్రమున బుద్ధి లేదనరాదు. ఇట్టి పిల్లలలో అనేకులు వినునది గ్రహింతురు. కొందరు కంటిచూపుతోనే అవునని, కాదని తెలుపుదురు. కథ మధ్యలో చదువుట ఆపి, ఆ బిడ్డ కన్నులు ఎటు తిరుగునో చూడుడు.